ప్రకటనలు రాని ఇల్లు

పక్కింటి అన్న దశదినకర్మ రోజున, భోజనాలయ్యాక, పిల్లలు గోల చేస్తున్నారని ఎవరో ముందుగదిలో టీవీ పెట్టారు. ఏదో పాట మధ్యలో ఆగి సబ్బు ప్రకటన వచ్చింది. దాని వెనకే ప్లాట్ల ప్రకటన. గది నిండా చుట్టాలున్నారు. రిమోటు టీపాయ్ మీదే ఉంది. ఎవరూ కదల్లేదు. ప్రకటన మొత్తం, చివర్న ఫోన్ నంబరు రెండుసార్లు చదివేదాకా, ఆ ఇంట్లో మోగింది. అంతదాకా నాకు ఏడుపు రాలేదు. అప్పుడొచ్చింది.

చివరి ఏళ్లలో, ఆయన బతికుండగా, ఆ గదిలో ఏ ప్రకటనా గొంతు విప్పి ఎరగదు. టీవీకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రిమోటు ఒళ్లో కాకుండా చేతిలోనే పట్టుకుని, బొటనవేలు మ్యూట్ బటన్ మీద ఉంచి కూర్చునేవాడు. సినిమా చూసేది మేము. ఆయన చూసేది ప్రకటన ఎప్పుడొస్తుందా అని. రాగానే గొంతు నొక్కేసేవాడు, అది అయిపోగానే వదిలేవాడు. కథ ఏమిటని అడిగితే చెప్పలేకపోయేవాడు.

సిద్దిపేట బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల సంగతి చెప్పే ఉద్యోగం ఆయనది. దుబ్బాక బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, హుస్నాబాద్ బస్సు ఎందుకు ఆలస్యమైంది. ఊళ్లో ఆ గొంతు తెలియనివాళ్లు లేరు, ఆ మనిషిని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. కూరగాయల దుకాణంలో ఆయన నోరు తెరిస్తే పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి సంచులు సర్దుకోవడం నేను చూశాను.

ఒక బస్సుకూ ఇంకో బస్సుకూ మధ్య ఆ స్పీకర్లలో ప్రకటనలు వేసేవారు. బంగారం దుకాణాలు, పట్టుచీరలు, కీళ్లనొప్పుల నూనెలు. ఆ స్పీకరు కిందే ఆయన కుర్చీ. అటువైపు, ఎడమ చెవిలో దూది పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక తీయడం మరిచిపోయేవాడు, అందుకని మేమంతా ఆయన కుడిపక్కకు వెళ్లి మాట్లాడేవాళ్లం. దూది పెట్టుకున్నా ప్రకటనలన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి. సాయంత్రం వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, ముఖంలో ఏమీ లేకుండా, కీళ్లనొప్పుల నూనె గురించి మొదటి నుంచి చివరిదాకా బస్సు వచ్చిందని చెప్పే గొంతుతోనే చెప్పేవాడు. మా పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు.

"నవ్వకున్రి. రేపు మీ తలకాయలల్ల గూడ గిదే తిరుగుతది" అనేవాడు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

ఇంట్లో ముఖ్యమైన మాట చెప్పాల్సి వచ్చినా ఆ మైకు భాషలోకే వెళ్లేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే, "వినియోగదారులకు విజ్ఞప్తి. ఉప్పు ఇంకా డిపో నుండి బయలుదేరలేదు" అనేవాడు. వాళ్లావిడ వంటింట్లోంచి, "బయలుదేరింది. టైరు పంక్చరయింది" అనేది. వాళ్లిద్దరే ఉండేవాళ్లు, పిల్లలు లేరు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. నేను ఇంటర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఆయన నన్ను చెల్లె అనేవాడు, ఆవిడ కూడా అలాగే పిలిచేది. నాకు ఆయన అన్న, ఆమె వదిన.

వదిన ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మిషను పక్కన ఫోను నిలబెట్టుకుని వంటల వీడియోలు పెట్టుకునేది. చేసేది మాత్రం ఎప్పుడూ చేసే పప్పే. "చూసుడు వేరు, చేసుడు వేరు" అని నవ్వేది.

ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. ఇద్దరూ హైదరాబాదు పోయి పరీక్షలు చేయించుకొచ్చారు. ఫలితాలకు ఆయనొక్కడే వెళ్లాడు. మర్నాడు మధ్యాహ్నం వదిన కునుకు తీస్తున్నప్పుడు గోడ దగ్గరికి వచ్చి, "చెల్లె, జర ఇంట్లకొస్త" అన్నాడు. ఎప్పుడూ గోడమీద నుంచే మాట్లాడే మనిషి.

లోపలికొచ్చి కూర్చుని దూది తీసి చేతిలో నలిపాడు.

"క్యాన్సరంట" అన్నాడు. "ఆమెకు చెప్పలె. కొవ్వు గడ్డ అని చెప్పిన. నువ్వు గూడ గట్లనే అనాలె."

"ఎప్పటిదాక అన్నా?"

"ఆపరేషన్ అయ్యేదాక. తర్వాత సూద్లుంటయట, అవి అయ్యేదాక. వాళ్లమ్మ గిట్లనే పోయింది. ఆమెనే దగ్గరుండి చేసింది. ఆ పేరు చెవున వడ్డదంటె ఇగ తిండి గూడ తినది."

సరే అన్నాను. అలాంటప్పుడు ఇంకేమంటాం.

ఆయన లేవలేదు. అసలు వచ్చిన పని అది కాదు. జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ జబ్బు పేరు కొట్టి చదివాడట. తిరుగుప్రయాణంలో బస్సు ప్రజ్ఞాపూర్ దగ్గర ఆగేసరికే ఫోను నిండా అవే. క్యాన్సర్ ఆసుపత్రులు, నాలుగో దశలోనూ నయం చేస్తామనే పసరు మందులవాళ్లు, విగ్గులు, బీమా. క్రికెట్ స్కోరు చూసినా పక్కన అవే, వాతావరణం చూసినా కింద అవే.

"ఫోన్ల వచ్చినయి సరె. నిన్న పొద్దుమూకి ఆమె టీవీల బతుకమ్మ పాటలు వెట్టుకున్నది. పాట నడుమ వచ్చింది చెల్లె. రొమ్ముల గడ్డ ఉన్నదా, ఆలస్యం చెయ్యకున్రి అని. నాకు రిమోటు దొరకలె. పోయి ప్లగ్గు గుంజిన. కరెంటు పోయిందన్న. మీద ఫ్యాను తిరుగుతనే ఉన్నది."

"వదినె ఏమన్నది?"

"ఏమనలె. ఫ్యాను దిక్కు చూసింది." ఫోను వేలితో చూపించి అడిగాడు. "నా ఫోన్ల నేను చూసుకున్నది టీవీకెట్ల తెలిసింది?"

ఫోనులోనూ టీవీలోనూ ఒకే ఖాతా ఉందని చూపించాను. ఖాతాలు వేరైనా, ఒకే వైఫై మీద ఉన్న ఫోన్లనూ టీవీలనూ కంప్యూటర్లనూ ఒక్కచోటివే అని ప్రకటనలు వేసేవాళ్లు లెక్కవేసుకుంటారని చెప్పాను.

"వాళ్లకు మనిషి కనవడడు అన్నా, ఇల్లు కనవడ్తది. ఒకలు వెతికితె ఇంటందరికి చూపిస్తరు."

"ఇల్లు కనవడ్తది" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "అయితె ఇల్లే కనవడకుంట చెయ్యాలె. చెయ్యొస్తదా?"

అలా మొదలైంది. ముందు ఆయన ఫోనులో, వదిన ఫోనులో ప్రకటనల్ని ఆపే బ్రౌజరు పెట్టాం. తర్వాత వైఫై ఇచ్చే రౌటరు సంగతి చెప్పాను. ఫోను ఏ పేజీ తెరవాలన్నా ముందు దాని చిరునామా ఎక్కడో ఒకచోట అడుగుతుంది. ప్రకటనలు పంపేవాళ్ల చిరునామా అడిగినప్పుడు లేదని జవాబు వచ్చేలా చేస్తే ఆ ప్రకటన ఇంట్లోకి రాదు, మన కదలికలు వాళ్లకు చేరవు. ఆయన ముఖం మొదటిసారి కాస్త తేటపడింది.

"అంటె ఎంక్వయిరీ కౌంటరు. గసుంటి బస్సే లేదని చెప్పుడు."

"అంతే."

"గది నాకొచ్చిన పనే."

ఈ పని కోసమే అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు దొరుకుతుంది. దాన్ని తెప్పించి రౌటరుకు తగిలించాం. ఇంట్లోని ప్రతి ఫోనూ టీవీ ఇక దాన్ని అడిగే బయటికి వెళ్లాలి. ఆయన నా పక్కన కూర్చుని అన్నీ నేర్చుకున్నాడు. ఎంక్వయిరీ కౌంటరు అనే పేరు దానికి ఖాయమైపోయింది. వార్తల పేజీలు తెరిస్తే ప్రకటనలు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీలు. గోడమీదుగా ఫోను చాపి ఆ ఖాళీలు నాకు చూపించేవాడు. "ఇయ్యాల ఒక్కటి గూడ రాలె" అనేవాడు, పొలంలోకి పశువులు రాలేదని చెప్పినట్టుగా.

టీవీ వీడియోల మధ్య వచ్చేవి మాత్రం ఆగలేదు. అవి వీడియో వచ్చే చోటు నుంచే వస్తాయి, ఒకటి ఆపితే రెండూ ఆగుతాయి. అది చెబితే, "దొంగ బస్సులనే కూసున్నడు" అన్నాడు. టీవీలోంచి తన ఖాతా తీసేశాడు. ఫోనులో వెతికినవన్నీ తుడిచేశాడు, ఇక ముందు వెతికేవి కూడా వాటంతటవే తుడిచిపోయేలా పెట్టుకున్నాడు. మన ఇష్టాలను గుర్తుపెట్టుకునే ఏర్పాట్లన్నీ మూసేశాడు. ఆ మిగిలిన దాని కోసమే ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో రిమోటు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఒకరోజు ఆయన ఆ డబ్బాలో తను సొంతంగా చేర్చిన అడ్డుగోడలు నాకు చూపించాడు. ఆసుపత్రుల పేజీలు, మందుల పేర్లు చెప్పే పేజీలు, ఆ జబ్బు పేరు ఉన్న ఏ చిరునామా అయినా.

"అన్నా, ఇవి యాడ్స్ కావు" అన్నాను.

"తెల్సు" అన్నాడు.

వదిన ఫోనులో డేటా అయిపోతే మళ్లీ వేయించలేదు. ఇంట్ల వైఫై ఉండంగ ఎందుకన్నాడు. పొద్దున పేపరు ఆయన ముందు చదివి, ఆసుపత్రి ప్రకటన ఉన్న పేజీ తీసి స్కూటరు డిక్కీలో పెట్టుకునేవాడు. వదినను చూడటానికి చుట్టాలొస్తే గడప దగ్గరే ఆపి, "మా గల్లీల సిగ్నల్ రాదు, వైఫై కలుపుకోన్రి" అని వాళ్ల ఫోన్లు అడిగి కలిపేవాడు. వాళ్లేమో ఎంత మర్యాద అనుకునేవాళ్లు. మాటల్లో ఎవరైనా ఫలానావాళ్లకు క్యాన్సరట అని మొదలుపెడితే చాయ్ తాగుతున్నవాడు గ్లాసు పెట్టేసి గట్టిగా దగ్గేవాడు. ఆ ఇంట్లోకి వెళితే నాకు ఊపిరాడేది కాదు. కిటికీలు తెరిచే ఉండేవి, అయినా.

ఆపరేషన్ అయింది. తర్వాత సెలైన్లు మొదలయ్యాయి. కొవ్వు గడ్డ మళ్లీ రాకుండా పెడుతున్నారని ఆయన చెప్పాడు, వదిన సరే అంది. జుట్టు దువ్వెనకు రావడం మొదలైంది. సూదుల వేడికి అన్నాడు, సరే అంది. ఇద్దరిలో బక్కచిక్కింది ఆయనే. డ్యూటీలో మైకు దగ్గర చేర్యాల అనబోయి చెన్నూరు అన్నాడని, బస్టాండులో అందరూ నవ్వారని విన్నాను.

ఒకరోజు ఆయన డ్యూటీకి పోయాక వదిన మా గేటు తీసుకుని వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుంది, చేతిలో ఫోను ఉంది.

"చెల్లె, మీ వైఫై జర కలుపరాదూ. మా ఇంట్ల ఏది తెరువనిస్తలేడు."

కలిపాను. ఆమె ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం చూసి చూసి కొట్టింది. చాయ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు తెర మీద పడింది నా చూపు. ఆమె కొట్టింది సెలైనులో కలిపే మందు పేరు. చాయ్ ఇవ్వకుండానే నిలబడిపోయాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. "నీకు గూడ చెప్పిండు గద" అంది.

నేను పక్కనే కింద కూర్చున్నాను. "నీకెప్పుడు తెల్సింది వదినె?"

"ఎప్పుడేంది? గడ్డ చేతికి తగిలిన్నాడె తెల్సు. మా అమ్మది గిట్లనే ఉండె. నేనే ఒత్తి చూసిన. ఆ ముద్ద ఎట్లుంటదో నా వేళ్లకు ఎరుకనే."

"మరి ఆయనకు చెప్పరాదు?"

"చెప్తె ఏమైతడు? చూస్తున్నవు గద మనిషిని. ఆయన ధైర్నమంత నాకు తెల్వదనే దాని మీదనే నిలవడ్డది. గదొక్కటి గుంజితె కూలవడ్తడు." ఫోను వైపు తిరిగింది. "నువ్వు అనకు. నేనొచ్చినట్టే తెల్వద్దు."

దానికీ సరే అన్నాను. ఆ రోజు నుంచి గోడకు ఒకవైపు ఆయన రహస్యం, రెండోవైపు ఆమె రహస్యం, మధ్యలో నేను. ఆయన డ్యూటీ ఉన్న రోజుల్లో ఆమె వచ్చేది. ఏమి తినాలి, నోరు పూస్తే ఏం చేయాలి, సెలైను పెట్టిన మూడోనాడు కాళ్లు ఎందుకు లాగుతాయి, అన్నీ చదువుకునేది. తెలియని ఇంగ్లీషు మాట వస్తే నన్ను అడిగేది. వరంగల్ వైపు ఒకావిడ తన జబ్బు గురించి వీడియోలు పెడుతుండేది, అవి చూసి వదిన నవ్వేది కూడా. "విగ్గు పెట్టుకుంటె మనుమడు గుర్తువట్టలేదట" అని చెప్పి నవ్వి, అదే నవ్వులో కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేది. ఒక్కోసారి ఎంతమంది బతుకుతారని వెతికేది. అప్పుడు నన్ను పిలిచేది కాదు.

సాయంత్రం ఆయన గోడ దగ్గరికి వచ్చి, "ఆమెకు అనుమానం రాలె గదా చెల్లె? నీతోని ఏమన్న అన్నదా?" అని అడిగేవాడు. ఏమీ అనలేదనేదాన్ని. వెనక వాకిట్లో వదిన బట్టలు తీస్తూ ఉండేది, మా మాటలు వినబడేంత దూరంలో.

సీతాఫలాలు వచ్చే రోజులు. ఒక సాయంత్రం ఆయన బస్టాండు దగ్గర కొన్న పండ్లు సంచిలో తెచ్చి మా ఇంట్లోకి వచ్చాడు. నేను టీవీలో నెట్ మీద సీరియల్ పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. పిల్లలు ట్యూషన్‌కు వెళ్లారు. వాళ్ల ఇంట్లో అన్ని కట్టుదిట్టాలు చేసిన నేను మా ఇంట్లో ఏమీ చేసుకోలేదు, ఎప్పటికప్పుడు తర్వాత చూద్దాం అనుకోవడమే. సీరియల్ ఆగి ప్రకటన వచ్చింది. తలకు పూలరుమాలు కట్టుకున్న ఒకామె నవ్వుతూ, రొమ్ము క్యాన్సర్‌ను జయించానని చెబుతోంది. అలవాటుగా ఆయన చేయి రిమోటు మీదికి పోయింది. గొంతు ఆగింది, బొమ్మ ఆగలేదు. దాని తర్వాత విగ్గుల ప్రకటన.

ఆయన సంచి కింద పెట్టాడు. వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"చెల్లె, ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరా?"

"ఉన్నమన్నా. ఎందుకు?"

"నాకు అబద్ధం చెప్పకు. గిది ఊకె రాదు. ఇంట్ల ఎవలన్న వెతికితెనె వస్తది. నువ్వే చెప్పినవు." నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు చూపించుకున్నవా? గడ్డేమన్న తగిలిందా? బావకు చెప్పినవా?"

నేను బియ్యంలో వేళ్లు ఆడిస్తూ ఉండిపోయాను. దాన్ని ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"భయపడకు బిడ్డా. మా డాక్టరు మంచోడు. రేపు సెలవు పెడ్త, నేనే తోల్కపోత. ఒక్కదానివె కడుపుల వెట్టుకోని తిరుగుతున్నవా? గంత దూరపోన్ని అయిననా నేను?"

అవునని అనొచ్చు. మా పిన్నికి అనొచ్చు, కాలేజీలో ఎవరికో అనొచ్చు. అబద్ధాలు మూడు నాలుగు నోటిదాకా వచ్చాయి. కానీ నా కోసం ఏడుస్తున్న మనిషి ముఖం మీద అబద్ధం చెప్పలేకపోయాను. బియ్యం చాటలోకి తల వంచుకున్నాను. ఆయన చూస్తూ ఉన్నాడు. చూస్తూ ఉండగానే ఆయన ముఖం మెల్లగా మారింది.

"ఆమె వస్తుంటదా గీడికి?" అన్నాడు.

నేను బియ్యంలోంచి రాయి ఒకటి తీసి పక్కన పెట్టాను.

"నేను డ్యూటీకి పోయినంక?"

తల ఊపాను.

లేచి, వెళ్లి ఫ్రిజ్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. అది ఆమె కూర్చునే చోటని ఆయనకు తెలియదు. "సూద్ల పేర్లు గూడ తెల్సా ఆమెకు?"

"తెల్సన్నా."

"ఎప్పట్నుంచి?"

"గడ్డ తగిలిన్నాటి నుంచే."

తలను ఫ్రిజ్‌కు ఆనించాడు. టీవీలో సీరియల్ మొదలై మూగగా నడుస్తోంది. ఊరంతా ఎరిగిన ఆ గొంతు ఇంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"మరి ఇన్ని దినాలు నేను ఎవలికి అడ్డం వెట్టిన చెల్లె?"

వెళ్లేటప్పుడు తనకు తెలిసినట్టు ఆమెకు చెప్పొద్దన్నాడు. దానికి నేను సరే అనలేదు, కాదనీ అనలేదు.

రెండ్రోజులు పోయాక వదిన వచ్చింది. ఈసారి చేతిలో ఫోను లేదు. "నేను చదివే పేజీ నిన్న మా ఇంట్లనే తెరుసుకున్నది" అంది. "ఏది కొట్టినా తెరుసుకుంటున్నది. డేటా గూడ వేయించిండు. పేపరు మొత్తం ఇంట్లనే ఉన్నది, అన్ని పేజీలు."

"ఏమన్న అన్నడా?"

"ఏమనలె. కొవ్వు గడ్డకు ఇంక రెండు సెలైన్లే ఉన్నయన్నడు. నేను సరె అన్న." చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ అవతలికి చూసింది. "ఆయనకు తెల్సింది. నాకు తెల్సినట్టు ఆయనకు తెల్సు. ఇద్దరం గదే మాట మాట్లాడుకుంట కూసున్నం. ఎట్ల బయటికొచ్చుడో ఇద్దరికి సమజైతలేదు."

అలా కొన్నాళ్లు నడిచింది. అన్నం వడ్డించేటప్పుడు, మందులు వేసేటప్పుడు, ఒకరి కళ్లలోకి ఒకరు చూడకుండా ఇల్లంతా తప్పుకుని తిరిగేవాళ్లు. ఒక ఆదివారం పొద్దున ఆయన స్కూటరు తుడిచి, "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని వాకిట్లోంచి పిలిచాడు. ఆమెను ఎక్కించుకుని చంద్లాపూర్ వైపు పోయాడు. రంగనాయక సాగర్ కట్ట మీద గాలికి తువ్వాలు ఊడిపోయిందట. ఆమె మళ్లీ చుట్టుకోబోతే ఆయన చేయి పట్టుకుని ఆపాడట. ఆ తల అలా చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"నీకు భయమైతలేదా?" అని అడిగాడట.

"అయితది" అందట ఆమె. "భయమైతె అయింది. ఒక్కదాన్నె భయపడుడు కష్టమైతుండె."

ఆయన నీళ్ల వైపు తిరిగి నిలబడి చాలాసేపు ముఖం చూపించలేదట. ఇకనుంచి ఏదున్నా ఒకరికొకరు చెప్పుకోవాలని ఆమె అడిగింది. సరే అన్నాడు. వచ్చేటప్పుడు కాల్చిన మక్కకంకులు తెచ్చి మాకూ ఇచ్చారు. ఆ రోజు వదిన తలకు ఏమీ చుట్టుకోకుండానే గోడ దగ్గర నిలబడి కంకి తిన్నది.

సెలైన్లు అయిపోయాయి, జుట్టు వచ్చింది, ఈసారి ఉంగరాలుగా. పరీక్షలకు ఇద్దరూ కలిసే పోయేవాళ్లు, రిపోర్టు ఇద్దరూ కలిసే వినేవాళ్లు. ఎంక్వయిరీ కౌంటరు మాత్రం తీయలేదు. ఆసుపత్రుల మీద పెట్టిన అడ్డు తీసేశాడు, ప్రకటనల మీది అడ్డు అలాగే ఉంచాడు. రిమోటు పట్టుకుని కూర్చోవడమూ మానలేదు. "ఇగ ఎందుకన్నా?" అంటే, "ఇంట్లకు వచ్చేటోడు గడప కాడ అడగాలె గద" అనేవాడు.

ఈ ఏడే, ఒక పొద్దున ఛాతీలో పట్టేసినట్టుందని, గ్యాస్ అని గోలీ వేసుకుని డ్యూటీకి పోయాడు. మైకులో మాట మధ్యలో ఆగిపోయిందని బస్టాండులో ఉన్నవాళ్లు చెప్పుకున్నారు. అది నిజం కాదు. చాయ్ తాగుతూ పక్కకు ఒరిగాడని తోటి ఉద్యోగి చెప్పాడు. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం వదిన గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది. వెళ్లాను. ఆయన ఫోను నా చేతిలో పెట్టింది.

"డాక్టరు అన్నడు, గుండె జబ్బు ఒక్క దినంల వచ్చేది గాదట. ముందునుంచె ఉండి ఉంటదట. ఆయనకు తెల్సా చెల్లె? నీకేమన్న చెప్పిండా?"

"లేదు వదినె. నిజంగ చెప్పలె."

"ఈసారి నిజమేనా?"

"నిజం."

"అయితె ఫోన్ల చూడు. నొప్పి గురించి ఎన్నడన్న వెతికిండా, ఏ డాక్టరునన్న అడిగిండా."

చూశాను. వెతికినవి ఏమీ లేవు, ఎప్పటివప్పుడు తుడిచిపోయాయి. వీడియోల యాప్ తెరిస్తే ఇంకా ఎవరూ వాడని ఫోనులా ఉంది. వార్తల పేజీ తెరిచాను. గుండె ఆసుపత్రి ప్రకటన ఒక్కటి వచ్చినా ఏదో తెలిసేది. తెల్లటి ఖాళీలు తప్ప ఏమీ రాలేదు. నాకు తెలిసిన చోట్లన్నీ వెతికాను. ఆయన పని అంత శుభ్రంగా చేశాడు. నేనే నేర్పాను.

వదిన నా భుజం మీదుగా చూస్తోంది. "ఇంకొకల్ల ఫోనయితె ఏం యాడ్స్ వస్తున్నయో చూసన్న ఎరుకవడ్తుండె" అంది. "గీయన దాంట్ల ఏమొస్తది."

ఫోను తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని చీర కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కట్ట మీద చెప్తనన్నడు. తెల్సి ఉంటె నాకు చెప్పెటోడే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చెప్పెటోడే గద చెల్లె?"

"చెప్పెటోడే వదినె" అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. నమ్మినట్టు ఉండటం ఆమెకు ఎంత బాగా వచ్చో నేను చూసినదాన్ని.